పొత్తిగుడ్డ విప్పిన సభ

ఇళ్లలో బట్టలు ఉతకకూడదని నిబంధన వచ్చింది. సబ్బునీళ్లు నదిని చంపేస్తున్నాయట. ఆ నిబంధన కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది నది ఒడ్డు జనం కాదు, లాండ్రీ యజమానుల సంఘం. ఆ సంఘం అధ్యక్షుడి లాండ్రీలోనే నేను ఇస్త్రీ చేస్తాను. చొక్కా ఎప్పుడూ నలగదని ఆయన్ని చాటుగా మడతబాబు అంటాం.

నా బెంగంతా నా బిడ్డ గురించే. మందు వాసన కొట్టే ఆ లాండ్రీ గుడ్డ చుడితే చాలు, వాడి ఒళ్లు దద్దుర్లతో పొంగిపోతుంది. అందుకే తలుపేసుకుని, వాడి గుడ్డలు ఉత్త వేణ్ణీళ్లలో జాడించి, లోపలే ఆరేసేదాన్ని.

నిబంధన శాశ్వతం చేసే ముందు పెద్ద అధికారి సభ పెట్టాడు. లాండ్రీ గుడ్డ చుట్టిన బిడ్డతో వేదిక మీద కూర్చోబెట్టడానికి సంఘానికి ఒక బాలింత కావాల్సి వచ్చింది. మా ఆయన అక్క లాండ్రీలో సూపర్‌వైజరు. నన్నే ఎంచింది.

"వద్దు వదినా, ఆ గుడ్డ వాడి ఒంటికి పడదు."

"నీ కొడుకేమన్నా మైనపు బొమ్మటే, కరిగిపోవడానికి? కాసేపు కూర్చుంటే పనుంటుంది. లేదంటే ఇంట్లోనే కూర్చో."

సభ రోజు తనే లాండ్రీ గుడ్డ కొత్త మడత విప్పి వాణ్ణి చుట్టింది. ఉపన్యాసాలు సాగుతున్నకొద్దీ వాడు గుక్కపట్టి ఏడ్చాడు.

"చూశారా, నది కోసం ఏడుస్తున్నాడు మా చిన్న కార్యకర్త!" అన్నాడు మడతబాబు మైకులో. సభంతా నవ్వింది. అందరికంటే ముందు వదిన నవ్వింది.

కళ్లారా చూస్తే అధికారికే తెలుస్తుందనుకున్నాను. గుడ్డ విప్పేశాను. వీపంతా ఎర్రగా ఉడికిపోయి ఉంది. నవ్వులు ఆగాయి.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు అధికారి.

"ఈ గుడ్డ వల్లే సార్. ఇంట్లో నేను ఉత్త నీళ్లలో ఉతికి కడితే తగ్గిపోతుంది."

"ఇంట్లో ఉతుకుతున్నావా?"

అవునంటే నుయ్యి, కాదంటే గొయ్యి. నేను తేల్చుకునేలోపే మడతబాబు నోరు తెరుచుకుంది.

"విన్నారుగా! ఇంట్లో ఉతికితే పసిబిడ్డ గతి ఏమవుతుందో చూడండి! ఫొటో తీయవయ్యా, వీపు బాగా కనపడాలి."

చప్పట్లు మోగాయి. వదిన వాణ్ణి నా చేతుల్లోంచి లాక్కుని కెమెరా వైపు తిప్పి పట్టుకుంది.

నిబంధన శాశ్వతమైంది. లాండ్రీ బండ్లన్నిటి మీదా నా కొడుకు వీపే. నన్ను పనిలోంచి తీసేయలేదు. తల్లి మన కళ్లెదుట ఉండడమే మంచిదన్నాడట మడతబాబు.

రోజూ పొద్దున్నే వదిన వచ్చి, లాండ్రీ గుడ్డ తనే చుట్టి, ముడి బిగిస్తుంది.

"ఏడవనియ్యవే," అంటుంది, "గుండె గట్టిపడుతుంది."