మంద్రము వినఁబడని వీణ

శ్రావణ మేఘమండలము విజయనగర దుర్గప్రాకారముల నొరసికొనుచు దిగివచ్చి కొన్ని దినములుగా నెడతెఱపి లేక వర్షించి యొకింత విశ్రమించిన యొకానొక యాదివారపు టపరాహ్ణమున చూరులనుండి జాఱు తుదిబిందువులు ముంగిళ్ళ రాలను దాఁకి చిటచిట మనుచుండఁగా కోటకుఁ బడమటి వీథిలోని యొక మేడయింటి ముందుగదియందు సంగీతశ్రవణాసక్తులగు మిత్రులు నలువురు చాపలపై నాసీనులై గోడవారనున్న బల్లవంక తదేకదృష్టితోఁ జూచుచుండిరి. ఆ బల్లపై లావుపాటి గ్రంథమంత పరిమాణము గల నల్లని లోహపు పెట్టె యొకటి విరాజిల్లుచుండెను. దాని ముఖభాగమున శబ్దమును హెచ్చించు గుండ్రని మీటయు హెడ్‌ఫోన్లు తగిలించుటకు రంధ్రములు రెండును వెనుకవైపున నెవరి కంటను బడని చిన్న స్విచ్చియు గలవు. హెడ్‌ఫోన్లకు బలమిచ్చు ఆంప్లిఫయరు అది. దానిని గొన్న దినము మొదలు గృహస్వామి దక్షిణామూర్తికి కాలు నేలమీఁద నిలువలేదు.

ఈ దక్షిణామూర్తి పట్టణ కళాశాలలో భౌతికశాస్త్రాధ్యాపకుఁడు. విద్యుత్తునకును నిరోధమునకును గల సంబంధమును తరతరముల విద్యార్థులచేతఁ గంఠస్థము చేయించిన మహానుభావుఁడు. శ్రవణయంత్రముల గుఱించి యెవరైన నొక మాట కదపినచోఁ బది మాటలు చెప్పనిదే విడువని యుత్సాహి. ఆయన యత్తగారు త్రిపురసుందరమ్మ గారు సమీప వీథిలోనే నివసించుచు పనసమ్రాని నొకే దుంగనుండి తొలిచిన ప్రాఁతవీణపై నెందఱో బాలికలకు విద్యాదానము చేసిన వైణికురాలు. క్రొత్తగాఁ జేరిన ప్రతి బాలికకును ఆమె చెప్పు మొదటి పాఠము వాయించుట కాదు వినుట. క్రిందిస్థాయిలోఁ బలుకు మంద్రతంత్రిని మీటి చూపుడువ్రేలెత్తి నాద మాఱిపోవు దాఁక నట్లే నిలిపి యాఱిన క్షణమున దించవలెను. వ్రేలు ముందుగా దించినవారు మరల మొదటినుండి వినవలసినదే.

ఆమె యౌవనమునఁ జేసిన కచేరి నెవరో రసికుఁడు టేపులో భద్రపఱచి యుండఁగా దక్షిణామూర్తి దానిని వెదకి సంపాదించి శుభ్రపఱచి యామెకు వినిపింపఁ బూనుకొనెను. అందులకై తన చిన్న హెడ్‌ఫోను తగదని యెంచి మిగుల విలువగల పెద్ద హెడ్‌ఫోను నొకదానిని తెప్పించెను. తెప్పించెనే కాని దాని నొక్కసారియైన ధరించి చూడలేదు. పెద్దలకు సమర్పింపఁదలఁచిన వస్తువును తాను ముందు ధరించుట యెంగిలి చేయుటయే యని యాయన భావము. భావము మంచిదే. కీడంతయు నక్కడనే మొలకెత్తెను.

త్రిపురసుందరమ్మ గారు వచ్చి కూర్చుండి హెడ్‌ఫోను పెట్టెను విప్పకమున్నే ద్వారముకడ నున్న కూఁతు వంకఁ దిరిగి "మంజూ, పెరట్లో చూరు కింద బిందె నిండబోతోంది, తీసెయ్యవే" అనెను. మంజువాణి పోయి చూడఁగా బిందె యంచు దాఁక నిండి యుండెను. బిందెలోఁ బడు చినుకుల చప్పుడు సన్నగిల్లుటచేత నామె దానిని గ్రహించినదని యా గదిలో నొక్కరికిని దోఁచలేదు.

దక్షిణామూర్తి పెద్ద హెడ్‌ఫోను నామె శిరమున నమర్చి తన చిన్నదానిని తాను ధరించి రెంటిని ఆ నల్లని పెట్టెకే తగిలించి టేపు నాడించి తన చెవులకు హితమగు నంతవఱకు మీటను త్రిప్పెను. వీణానాదము ప్రవహించెను. ఆయన కన్నులు మోడ్చి తల యూఁచుచుండఁగా నామె కొంతసేపు విని నొసలు ముడిచికొనెను. అల్లునితో నత్తగారు నేరుగాఁ బలుకుట యా యింటి మర్యాద కాదు.

"అల్లుడిగారితో చెప్పవే మంజూ. తీగ మీటు వినబడుతోంది గాని మంద్రం లేదు. ఎక్కడో పక్కవీధిలో వాయిస్తున్నట్టుంది."

"మంద్రం లేకపోవడమేమిటండీ అత్తయ్యగారూ, నా చెవుల్లో మోగిపోతోంది!" అని యాయన నవ్వి మీటను మఱికొంచెము త్రిప్పి తన చెవులు నొచ్చుటచే నాపివేసెను. "ఇప్పుడో?"

"కొంచెం" అని యామె కూఁతుతోనే యనెను.

అప్పుడు దక్షిణామూర్తి హెడ్‌ఫోను తీసి మిత్రులవంకఁ దిరిగి కరుణారసభరితమగు కంఠముతో "అత్తయ్యగారికి వినికిడి తగ్గినట్టుంది. ఆ వయసుకి సహజమే లెండి" అని నలుగురిలోఁ బలికెను. మిత్రులు జాలితోఁ దలలు వంచికొనిరి. ఆమె యా హెడ్‌ఫోనును మెల్లగాఁ దీసి దాని పెట్టెలో నెప్పటివలె నమర్చి మూఁత మూసి యెన్నఁడును లేనిది తిన్నగా నాయనతోనే మాటాడెను.

"అంతే అయ్యుంటుంది బాబూ."

నలుగురు విన్న మాట నాలుగు వీథులకుఁ బ్రాఁకుట కెంతయో కాలము పట్టదు. బాలికల తల్లులు అమ్మగారికి విశ్రాంతి కావలెనని మిక్కిలి మర్యాదగా సూచించిరి. మర్యాదగాఁ జెప్పిన మాటకు మాఱు చెప్పుట మఱింత కష్టము. త్రిపురసుందరమ్మ గారును తన చెవులను దానే శంకింప నారంభించి శిష్యురాండ్రను వాయించినదే మరల వాయింపుమని యడుగుచు చివరకు వ్రేలెత్తు పాఠమును మానుకొనెను. విజయదశమినాఁడు తన వీణను శిష్యురాలగు హైమవతి చేతఁబెట్టి విద్య చెప్పుట విరమింతునని యామె కూఁతుతోఁ జెప్పినప్పుడు మంజువాణి కన్నీరు పెట్టుకొనెను. దక్షిణామూర్తి మాత్రము "తగిన నిర్ణయమే" యని నిట్టూర్చి తన దూరదృష్టికిఁ దానే సంతసించెను.

మహానవమి వచ్చెను. వానలు వెలిసి యాకాశము కడిగిన పళ్ళెమువలె నుండెను. దేవతాసన్నిధిని పుస్తకములు పేర్చి యుండఁగా దక్షిణామూర్తి తన ప్రియమైన చిన్న హెడ్‌ఫోనును గూడ కుంకుమ పెట్టి వానిపై నుంచెను. పూజలో నుంచిన దానిని మఱునాఁటి వఱకుఁ దాఁకరాదు. అయినను మధ్యాహ్నమునకు చెవులు దురదపెట్టెను. చదువరాదనిరి కాని వినరాదని యెవరనిరని తనకుఁ దానే ధర్మశాస్త్రము చెప్పికొని అత్తగారు విడిచిపోయిన పెద్దదానిని తలకుఁ దగిలించుకొని యామె కచేరినే వినఁ దొడఁగెను. మీట ఆయన యెప్పుడు నుంచు స్థానముననే యుండెను.

వీణ వినఁబడలేదు. అనఁగా వినఁబడెను కాని యెక్కడనో ప్రక్కవీథిలో వాయించినట్లుండెను. మీటు కలదు. మంద్రము లేదు.

దక్షిణామూర్తి తన చెవులును బోయినవని తలఁచి హెడ్‌ఫోనును లాగివైచి "మంజూ, మెల్లగా ఏదైనా అను" అని కేక వేసెను. "ఏమనమంటారు? గారెలు మాడిపోతున్నాయి" అని వంటయింటినుండి యామె గొణిగిన గొణుగుడు స్పష్టముగా వినఁబడెను. చెవులు పదిలము. మఱి లోప మెక్కడ? హెడ్‌ఫోను పెట్టెను త్రిప్పి చూడఁగా దాని నిరోధము మూఁడు వందల ఓములని యచ్చై యుండెను. తన చిన్నదాని నిరోధము ముప్పదిరెండే. చిన్నదానికిఁ జాలిన బలము పెద్దదానికిఁ జాలదని, అధిక నిరోధమునకు వోల్టేజి హెచ్చింపవలెనని, ఆ పనికే యా నల్లని పెట్టె వెనుక స్విచ్చి యున్నదని ఆయన యెఱుఁగని శాస్త్రము కాదు. చిన్న కుంపటిపై పెద్ద గుండిగ నెక్కించి నీరు కాఁగలేదని గుండిగను నిందించినట్లయ్యెను. స్విచ్చిని పైకి నెట్టి మీటను మెల్లమెల్లగాఁ ద్రిప్పఁగా మంద్రతంత్రి మేల్కొని గంభీరముగాఁ బలికెను.

అంత మనోహరమగు నాదమును దక్షిణామూర్తి జన్మములో వినలేదు. అంత సిగ్గును జన్మములో నెఱుఁగలేదు. ఆయనకుఁ దల తీసివేసినట్లయ్యెను. మంద్రము లేదన్న మాట యక్షరాల నిజము. ఆ గదిలో సరిగా విన్నది యామె యొక్కతెయే. ఒక్క నిమిషము రెంటిని మార్చి ధరించి యుండినచో నంతయుఁ దేలిపోయెడిది. గౌరవమని యామె వస్తువును దాఁకలేదు సరియే. గౌరవమే యైనచో నామె మాట నేల నమ్మలేదు? నిండిన బిందె ఆయనకుఁ జప్పున జ్ఞప్తికి వచ్చెను.

సాయంకాలమునకు ధైర్యము తెచ్చికొని మంజువాణితోఁ గూడ అత్తవారింటికిఁ బోయెను. త్రిపురసుందరమ్మ గారు బంతిపూలు గ్రుచ్చుచుండెను. ఆయన నోట నిజము కంఠము దాఁక వచ్చి మఱొక వేషమున వెలువడెను.

"అత్తయ్యగారూ, ఆ రోజు యంత్రంలో చిన్న లోపం ఉందండి. ఇప్పుడు సరిచేశాను."

"పోనిద్దురూ. యంత్రమన్నాక లోపాలుంటాయి" అని యామె పూలదండను ముడివైచెను.

"మరి వీణ..."

"మాటిచ్చేశాను బాబూ. పైగా నాకూ అనుమానం పట్టుకుంది. పొద్దున్న పాలు పొంగిన చప్పుడు విన్నానా, విన్నాననుకున్నానా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. అలాంటి చెవితో పిల్లలకేం చెప్పను?"

ఆ మాట యాయనను సూదివలె గ్రుచ్చెను. ఆయన కాజేసినది వినికిడి కాదు. దానిపై నామెకుఁ గల నమ్మకము. తిరిగి వచ్చునప్పుడు దారిలో నిజమంతయు భార్యతోఁ జెప్పఁగా మంజువాణి "యంత్రం తప్పని ఎలా అన్నారండీ? అది మీరు పెట్టినచోటే ఉంది కదా" అని మాత్రము పలికెను. ఆయన చెప్పులవంకఁ జూచుచు నడచెను.

విజయదశమి ప్రాతఃకాలమున త్రిపురసుందరమ్మ గారి మండువా మామిడితోరణములతోను బాలికల పట్టుపరికిణీల గరగరలతోను నిండి యుండెను. శ్రావణమున మేడయింట నున్న నలువురు మిత్రులును విచ్చేసిరి. చాపపై నున్న వీణకుఁ బసుపుకుంకుమలు పెట్టిరి. హైమవతి చేతులు చాఁపుటకు వెఱచుచు కన్నులనిండ నీరు నింపుకొని కూర్చుండెను. త్రిపురసుందరమ్మ గారు వీణ నెత్తఁబోవునంతలో దక్షిణామూర్తి లేచి నిలిచెను. ఆయన ముఖము నల్లఁబడి యుండెను. వందలమంది విద్యార్థుల యెదుట ననర్గళముగాఁ బోధించు నాయన ఆ చిన్న మండువాలో మాటలు కూడఁబలుకుకొనుచుఁ బలికెను.

"శ్రావణంలో అత్తయ్యగారికి వినికిడి తగ్గిందని అన్నాను. ఈ నలుగురూ విన్నారు. అది తప్పండి. ఆవిడకి పెట్టిన హెడ్‌ఫోనుకి చాలినంత బలం నేనివ్వలేదు. నాదానికి సరిపోయింది కదా అని ఆవిడదానికీ సరిపోతుందనుకున్నాను. మంద్రం లేదని ఆవిడ చెప్పినా నమ్మలేదు. నిన్న ఆవిడతో యంత్రం తప్పని చెప్పాను. యంత్రం తప్పేమీ లేదు. నాది."

వెనుకవరుసలో నెవరో కిసుక్కున నవ్విరి. ఓము సూత్రము చెప్పు పంతులుగారికా యీ గతి యని యొక తల్లి ప్రక్కవారి చెవిలో ననెను. అదియు నాయనకు వినఁబడెను. నేల చీలినచో లోపలికిఁ బోవుదు ననిపించెను కాని కూర్చుండలేదు. త్రిపురసుందరమ్మ గా రాయనవంకఁ జూడలేదు. పైఁటచెంగుతోఁ గన్నులొత్తుకొని కూఁతు వంకఁ దిరిగెను.

"మంజూ, అల్లుడిగారు నిలబడే ఉన్నారు. ఇలా నా దగ్గర చాప వెయ్యవే."

హైమవతి ముందునకు వంగి వీణను రెండు చేతులతో గురువు నొడివైపునకుఁ ద్రోసి యేడ్చుచు నవ్వెను. త్రిపురసుందరమ్మ గారు వీణను భుజమున కానించి యొక్క క్షణము సంకోచించెను. పిదప మంద్రతంత్రిని మీటి చూపుడువ్రే లెత్తెను. బాలిక లందఱును మఱచిపోయిన పాఠము జ్ఞప్తికి వచ్చి తమ వ్రేళ్ళెత్తిరి. మిత్రులు నెత్తిరి. ప్రక్కన ముడుచుకొని కూర్చున్న దక్షిణామూర్తియు సిగ్గుతోనే తన వ్రేలెత్తెను. నాదము మండువా నిండి తోరణముల దాఁక వ్యాపించి క్రమముగా సన్నగిల్లెను. మొదట మిత్రుల వ్రేళ్ళు దిగెను. పిమ్మట బాలికలవి యొక్కొక్కటిగా దిగెను. తుదకు హైమవతిదియు దిగెను. దక్షిణామూర్తి యూపిరి బిగఁబట్టి వినెను. ఏమియు వినఁబడలేదు. అందఱి తరువాతనైనను దించవలె నను పంతము మనసులో నొక్కసారి తలయెత్తెను. దానిని దానే యణఁచుకొని వినఁబడలేదని యొప్పుకొనుచు వ్రేలు దించెను.

త్రిపురసుందరమ్మ గారి వ్రేలు మాత్ర మింకను నెత్తియే యుండెను. అందఱును దానివంకనే చూచుచుండిరి. ఈ మాఱు దక్షిణామూర్తి దానిని నమ్మెను.