ప్రేమమణి బండి సింగారం

ప్రేమమణి నలభై దాటాక మోటారు సైకిలు కొంది. ఈస్ట్ మారేడ్‌పల్లిలో చాలామంది అది ఆమె తమ్ముడిదో, ఎవరిదో అనుకున్నారు. ఎందుకంటే అది మామూలు బండి కాదు. గుట్టలూ వాగులూ ఎక్కి దిగడానికి తయారుచేసిన ఎత్తు బండి. ముందు మడ్‌గార్డు చక్రానికి అంత ఎత్తున కొంగ ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది. సీటు సరిగ్గా ప్రేమమణి నడుముకు వస్తుంది. చర్చి కాయిర్‌లో ముందు వరసలో నిలబెడితే తప్ప ఫొటోలో పడని మనిషి ఆమె.

బీమా ఆఫీసులో సూపరింటెండెంటుగా ఉన్న ఆ మనిషికి ఈ బుద్ధి ఎందుకు పుట్టిందంటే, ఒకరోజు ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర బస్సులకీ ఆటోలకీ మధ్య స్కూటీ మీద పొగ మింగుతూ ఉండగా, పక్కన ఒకతను ఇలాంటి బండి మీద అందరి తలల మీదుగా చూస్తూ కనిపించాడు. వాడికి ముందేముందో తెలుస్తోంది. ఈమెకు బస్సు వెనక రాసిన ‘దూరం పాటించండి’ తప్ప ఏమీ కనబడడం లేదు. ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పేసింది.

భర్త దేవసహాయం ఆ మాట విని అన్నం కలపడం ఆపేశాడు. ఆయన కాలేజీలో చరిత్ర చెబుతాడు, ఆరడుగుల మనిషి. రెండు చక్రాల మీద నడిచేది ఏదైనా సరే ఆయనకు భయం. ఎక్కడికైనా ఎంఎంటీఎస్ లోకల్ రైలే. రైలు పోని చోట ఆయనకు పనే ఉండదు.

“దేవుడు కాళ్లు వీడికిచ్చాడు, గుండె నీకిచ్చాడు. పంపకంలో ఏదో పొరపాటు జరిగింది. కొనుక్కోవే మణీ” అంది అత్తగారు రోసమ్మ. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో మేట్రన్‌గా చేసి రిటైరైంది. డాక్టర్లను కూడా ‘ఒరేయ్’ అని పిలిచిన మనిషి. కొడుకు మళ్లీ అన్నం కలుపుకున్నాడు.

ఏపీ పది నంబరు ప్లేటుతో బండి వచ్చిన మొదటి ఆదివారం ప్రేమమణి దాని మీదే చర్చికి వెళ్లింది. బాగానే వెళ్లింది. ఆగడమే కుదరలేదు. గేటు లోపల నేల కాస్త ఏటవాలుగా ఉంటుంది. కాలి వేళ్లు నేల కోసం వెతికాయి. నేల అక్కడ లేదు. బండి తొందరేమీ లేనట్టు, నిద్రొచ్చిన ఏనుగులా ఒక పక్కకు ఒరిగి పాస్టరుగారి క్రోటన్ కుండీల మీద పడుకుంది. ప్రేమమణి దాని పక్కన పడుకుంది.

పాస్టరు జకర్యా గారు పరిగెత్తుకొచ్చి ముందు కుండీల వంక, తర్వాత ఆమె వంక చూశారు.

“దెబ్బలేమైనా తగిలాయా అమ్మా?”

“లేదు అయ్యగారూ. సిగ్గు మాత్రం బాగా తగిలింది.”

“బండికి ప్రార్థన చేయమంటావా, రిపేరుకు రాణీగంజ్ తీసుకెళ్తావా?”

“రెండూ చేద్దామండీ.”

ప్రార్థన అప్పుడే అయిపోయింది. రాణీగంజ్ పని మాత్రం నెలల తరబడి సాగింది.

రాణీగంజ్‌లో వరహాలబాబు కొట్టు బండ్ల సామానుకు పేరున్నది. బొబ్బిలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. ఎత్తు బండి తన గుమ్మంలో ఆగేసరికి కౌంటరు మీదనుంచి దూకి వచ్చాడు.

“ఏటమ్మా, కొత్త బండిని ఇలా బోడిగా తిప్పేస్తన్నారేటి? ఒంటిమీద ఒక్క వస్తువు లేదు!”

“నాకు కాలు అందాలి బాబూ. మిగతాదంతా తర్వాత.”

“అదెంత పనమ్మా” అన్నాడు వరహాలబాబు. వెనక స్ప్రింగు కింద ఉండే ఇనప పలకలు తీసి వేరేవి బిగిస్తే సీటు దిగిపోతుందన్నాడు. మధ్యాహ్నానికల్లా బిగించేశాడు కూడా. ప్రేమమణి ఎక్కి కూర్చుంటే పాదాల్లో ముందు సగం నేలను తాకింది. ఆమెకు ఎంత సంతోషం కలిగిందంటే, దారిలో అవసరం లేని సిగ్నళ్ల దగ్గర కూడా ఆగింది.

ఆ సంతోషం ఆఫీసు దాకా నిలిచింది. బండి కిందికి దిగింది గాని దాని పక్క స్టాండు పాత పొడవే ఉంది. అందువల్ల బండి వాలకుండా గుమ్మం ముందు కాపలావాడిలా నిటారుగా నిలబడింది. ఒక ఆర్టీసీ బస్సు పక్కనుంచి రివ్వున పోయేసరికి ఆ గాలికి అటువైపుకి పడిపోయింది. ఈసారి దాని కింద మేనేజరుగారి స్కూటరుంది.

స్టాండు కోయడానికి వరహాలబాబు చిలకలగూడలో వెల్డింగు షాపు బ్రహ్మచారి దగ్గరికి పంపాడు. బ్రహ్మచారి గేట్లు, కిటికీ గ్రిల్లులు చేస్తాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, “ఏందీ మేడం, బండి గిట్ల బక్కగున్నది? జెర ఇనుము తినిపియ్యాలె దీనికి” అన్నాడు. స్టాండు కోసి అతికాడు. గేటుకు వేసినట్టే దానిక్కూడా నల్లరంగు వేసి, చివర ఒక చిన్న పువ్వు వెల్డింగు చేసి ఇచ్చాడు.

తర్వాత మారేడ్‌పల్లి స్పీడు బ్రేకర్ల వంతు. కిందికి దిగిన బండి పొట్ట వాటికి రాసుకుని కర్రుమంటోంది. ఇంజను కింద అల్యూమినియం పళ్లెం బిగించాల్సి వచ్చింది. అది చూసి దేవసహాయానికి ఇంజనుకున్న రక్షణ తన భార్యకు లేదని బాధ కలిగింది. పుస్తకాల్లో యుద్ధాల గురించి చదివిన మనిషి కదా, కోట కట్టినట్టు కట్టించాడు. ముందు క్రాష్ గార్డు, చేతులకు గార్డులు, రొమ్ము దాకా వచ్చే అద్దం, రెండు పొగమంచు లైట్లు. సికింద్రాబాదులో పొగమంచు ఎప్పుడు చూశావని రోసమ్మ అడిగితే, “వస్తే?” అన్నాడు. ఆవిడ కూడా ఊరుకోలేదు. వెనక కూర్చోడానికి ఒక ఆనుడు దిండు, పట్టుకోడానికి ఒక కమ్మీ పెట్టించుకుంది.

ఇక చివరికి డబ్బాలు. వరహాలబాబు దగ్గరున్న డబ్బాలు చూసి బ్రహ్మచారి నవ్వాడు. “గివి టిఫిన్ డబ్బాలు మేడం. నేను చేస్తా చూడుండ్రి” అని బీరువాలకు వాడే రేకుతో రెండు పెట్టెలు చేసి బండికి చెరోవైపు బిగించాడు. ఒక్కోదాంట్లో ఒక మేకపిల్ల పడుతుంది.

ఆ బరువుకు వెనక స్ప్రింగు కూలబడింది. ముందు లైటు పైకి లేచి జనాల మొదటి అంతస్తు కిటికీల్లోకి పడడం మొదలైంది. ఒక రిటైర్డు కల్నలు భార్య ఫిర్యాదు చేసింది. వరహాలబాబు నిదానంగా ఆలోచించి, “స్ప్రింగు గట్టిది ఎయ్యాలమ్మా” అన్నాడు. వేశాడు. బండి వెనక భాగం ఠీవిగా లేచింది. ప్రేమమణి ఎక్కి కూర్చుంది. కాలి వేళ్లు నేల కోసం వెతికాయి.

ఆమె కిందికి వంగి వేళ్లకీ నేలకీ మధ్య ఖాళీ చూసుకుంది.

“వరహాలబాబూ, సీటు మళ్లీ కొన్ననాటి ఎత్తుకే వచ్చింది కదూ?”

“వచ్చిందనుకోండి.”

“అంటే ఇన్ని చేశాక మళ్లీ మొదటికే వచ్చానన్నమాట.”

“మొదటికెలాగొస్తారమ్మా? అప్పుడు డబ్బాలు లేవు కదేటి!”

ఆ రోజు ఇంటికి వస్తూ ప్రేమమణి హెల్మెట్ లోపల ఏడ్చింది. అప్పటినుంచి ఆమె ఎత్తు ఫుట్‌పాతులు చూసుకుని నడపడం మొదలుపెట్టింది. ఏ సిగ్నల్ దగ్గర ఫుట్‌పాత్ రాయి ఎత్తుగా ఉందో, ఎక్కడ కాలు ఆనించుకోవచ్చో ఆమెకు కంఠతా వచ్చేసింది. రాయి లేని దారుల్లో వెళ్లడం మానేసింది. గుట్టలెక్కే బండి మారేడ్‌పల్లికీ ఆఫీసుకీ మధ్య రాళ్లు పట్టుకుని తిరుగుతోంది. బండి అమ్మేద్దామా అని ఒకరోజు తనలో తాను అనుకుంది. పైకి మాత్రం అనలేదు, అనేస్తే దేవసహాయం సంతోషిస్తాడు.

ఇంతలో మట్టల ఆదివారం వచ్చింది. ఈత మట్టలు పట్టుకుని, పాటలు పాడుకుంటూ సంఘమంతా వీధులన్నీ తిరిగి చర్చికి చేరాలి. మైకుకు కావలసిన బ్యాటరీ, ఆంప్లిఫయరు మోయడానికి ఆ డబ్బాల కన్నా మంచి చోటు లేదని జకర్యా గారికి తోచింది. ఊరేగింపుకు ముందు ప్రేమమణి బండి నడుస్తుంది. వెనక రోసమ్మ మైకు పట్టుకుని పాడుతుంది. ఆవిడ గొంతు వార్డుల్లో అరిచీ అరిచీ పదును తేలింది, మైకు లేకపోయినా తార్నాక దాకా వినబడుతుంది.

అన్నీ బాగానే జరిగాయి. తీరా చర్చి దగ్గరికి వచ్చేసరికి పెద్ద గేటుకు రంగులు వేస్తూ అడ్డంగా వెదుళ్లు కట్టి ఉన్నాయి. పక్కనున్న చిన్న గేటులోంచే పోవాలి. ఫుట్‌పాత్ రాయి కనబడక ఆగడానికి భయపడి, ప్రేమమణి ఆగకుండా అందులోకి దూరిపోయింది. బండి ముందు భాగం వెళ్లింది. ఆమె వెళ్లింది. రోసమ్మ వెళ్లింది. డబ్బాలు వెళ్లలేదు. రెండు స్తంభాల మధ్య ధనామని ఇరుక్కుని, బండి సీసాలో బిరడాలా బిగుసుకుపోయింది.

వెనక హోసన్నా అంటున్న వాళ్లు మట్టలతో సహా ఒకరి మీద ఒకరు పడ్డారు.

“ఆగండ్రా! మా కోడలు ఇరుక్కుంది!” అని రోసమ్మ అరిచింది. మైకు ఆవిడ చేతిలోనే ఉంది. మారేడ్‌పల్లి మొత్తం విన్నది. ఎదురు మేడల మీద జనం బయటికి వచ్చారు.

దేవసహాయం జనాన్ని తోసుకుంటూ వచ్చి, తల్లిని చంకల కింద పట్టుకుని డబ్బాల మీదుగా వెనక్కి దింపాడు. ఇరవై మంది కలిసి బండిని లాగారు. కదలలేదు. ముప్పై ఏళ్లుగా బైబిల్లోని ఇరుకు ద్వారం గురించి ప్రసంగాలు చేస్తున్న జకర్యా గారు, అందులో నిజంగా ఇరుక్కున్న మనిషిని చూడడం అదే మొదటిసారి. చివరికి బ్రహ్మచారికి ఫోను చేయించారు.

బ్రహ్మచారి కోత మిషనుతో వచ్చి, ముందు గేటును, తర్వాత డబ్బాలను తడిమి చూశాడు. ముఖం వెలిగిపోయింది.

“గేటు సుత నాదే అయ్యగారూ. డబ్బాలు నాయే. చూసిండ్రా, ఒక్కటన్న వంగిందా?”

“వంగితే బాగుండేదయ్యా. ఇప్పుడేది కోస్తావు?”

“గదే పరేషాన్ ఉన్నది. ఏది కోయబుద్ధి అయితలేదు.”

వాళ్లు అలా మాట్లాడుకుంటూ ఉండగా ప్రేమమణి బండి మీదే ఉంది. ఎండ మండుతోంది. కూర్చుని కూర్చుని నడుం నొప్పెట్టి కాస్త జరిగింది. బండి స్తంభాల మధ్య బిగుసుకుని ఉంది కాబట్టి పడుతుందన్న భయం లేదు. కొన్న తర్వాత మొదటిసారి ఆ భయం లేకుండా, సీటు మీదనుంచి ఎడమ పక్కకు సగం జారింది. ఎడమ కాలు కిందికి వెళ్లింది. నేల తగిలింది. వేళ్లు కాదు, పాదం మొత్తం.

ఆమె కిందికి చూసింది. మళ్లీ పైకి జరిగి, ఈసారి కుడి పక్కకు జారింది. కుడి పాదం మొత్తం ఆనింది.

“ఏవండీ, నా కాలు ఆనింది!”

“కాలు ఆనడమేంటి మణీ, బండి గేటులో ఉంది!” అన్నాడు దేవసహాయం గోడ అవతలనుంచి.

“మడమతో సహా ఆనిందండీ! రెండు కాళ్లూ ఒకేసారి ఆనక్కర్లేదు. పక్కకి జారితే చాలు!”

ఆమె అక్కడే కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. ఎండదెబ్బ తగిలిందేమోనని ఎవరో మజ్జిగ తెచ్చారు. మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, “బ్రహ్మచారీ, గేటు వదిలెయ్. డబ్బాలు ఊడదియ్” అంది.

“ఊడయి మేడం. ఊడకుండ వెల్డింగ్ పెట్టిన” అన్నాడు గర్వంగా.

“అయితే కొయ్యి.”

ఆయన మనసు రాయి చేసుకుని కోశాడు. నిప్పురవ్వలు ఎగురుతుంటే సంఘం మట్టలు అడ్డం పెట్టుకుని చూసింది. జనం చెదిరిపోకుండా రోసమ్మ మైకులో తనకు వచ్చిన పాటలన్నీ పాడి, అవి అయిపోతే చరణాలు సొంతంగా కల్పించింది. ఆరాధన ఎంతో ఆలస్యంగా మొదలైంది. కానీ ఆ రోజు ప్రసంగంలో ఎవరూ కునికిపాట్లు పడలేదు.

ఆ తర్వాత ప్రేమమణి రాణీగంజ్ వెళ్లి పాత పలకలు, పాత స్ప్రింగు, అసలు పొడవు స్టాండు మళ్లీ బిగించమంది. అద్దం, లైట్లు, చేతి గార్డులు తీసేయమంది. వరహాలబాబు ఒక్కొక్కటీ విప్పుతూ కళ్లు తుడుచుకున్నంత పని చేశాడు.

“ఇన్ని నగలు పెట్టి ఇలాగ ఒలిచేత్తారా అమ్మా?”

“క్రాష్ గార్డు, ఇంజను కింద పళ్లెం ఉండనీ. నేను పడడం మానలేదు.”

అది నిజమే. మారేడ్‌పల్లి స్కూలు మైదానంలో పక్కకు జారి ఆగడం నేర్చుకుంటూ చాలాసార్లు పడింది. పడినప్పుడల్లా చూసేవాళ్లు చప్పట్లు కొట్టేవారు. క్రమంగా చప్పట్లు తగ్గాయి, అంటే ఆగడం వచ్చేసిందన్నమాట.

తొలకరి పడ్డాక, ఉద్యమం రోజులు కాబట్టి బందు పిలుపు లేని ఒక శనివారం చూసి, రోసమ్మను వెనక కూర్చోబెట్టుకుని అనంతగిరి గుట్టలకు బయలుదేరింది. దేవసహాయం పులిహోర గిన్నె పట్టుకుని వికారాబాదుకు రైల్లో వచ్చాడు. గుట్ట దిగాక తారు రోడ్డు వదిలి, పొలాల మధ్య ఎర్రమట్టి బాటలోకి ప్రేమమణి బండి తిప్పింది. కొంతదూరం పోయాక అడ్డంగా ఒక వాగు. మోకాలి లోతు ఉందో, నడుం లోతు ఉందో తెలియదు. ఆమె సీటు మీద పక్కకు జారి, ఒక కాలు నేల మీద మోపి నిలబడి చూసింది.

“అత్తయ్యా, దిగుతారా?”

“దిగితే చీర తడుస్తుందే. పోనీ.”

పోనిచ్చింది. నడి వాగులో ముందు చక్రం రాయెక్కి తప్పింది. బండి ఒరిగింది. ఇద్దరూ బురద నీళ్లలో కూలబడ్డారు. క్రాష్ గార్డు పని చేసింది, ముందు లైటు పగలలేదు, రోసమ్మ కళ్లజోడు మాత్రం కొట్టుకుపోయింది. అవతల గట్టున గొర్రెలు కాస్తున్న ఇద్దరు వచ్చి బండి లేపి నిలబెట్టారు. అందులో ముసలాయన అడిగాడు:

“అవుతల ఏం పని తల్లీ మీకు?”

ప్రేమమణి ఆలోచించింది. పని ఏమీ లేదు. అవతల గట్టు మీద జొన్న చేను తప్ప ఏమీ లేదు, దారి కూడా అక్కడితో ఆగిపోయింది. ఆ మాటే చెప్పింది. ముసలాయన తల ఊపి గొర్రెల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆమె బండి స్టార్టు చేసి చూసింది. మొరాయించి, దగ్గి, చివరికి అందుకుంది. రోసమ్మ మళ్లీ వెనక ఎక్కింది. ఈసారి నీళ్లలో చూపు ముందుకే నిలిపి, ఆపకుండా దాటి, గట్టెక్కి, చేను ముందు ఆగి, తిప్పుకుని, అదే వాగు మళ్లీ దాటింది. ఇటు గట్టుకు వచ్చేసరికి దేవసహాయం తారు రోడ్డు మీద షేర్ ఆటో దిగి, మట్టిలో చక్రాల జాడ పట్టుకుని వచ్చి, పులిహోర గిన్నె గుండెకు హత్తుకుని, బురద బొమ్మల్లా ఉన్న భార్యనూ తల్లినీ చూస్తూ నిలబడి ఉన్నాడు.

“ఏమైంది?” అన్నాడు.

“ఏం కాలేదు. గిన్నె ఇలా పెట్టి ఆ పక్కకి జరుగు” అంది రోసమ్మ. “మణీ, బండి తిప్పు. కళ్లజోడు లేదు కదా, ఇందాక నాకేమీ సరిగ్గా కనపడలేదు. ఇంకోసారి పోదాం.”