పాడైపోయిందన్న వాచీ

నేను ఒక మగవాళ్ల వాచీని. పెట్టె మీద అట్లాగే అచ్చువేసి పంపించారు. కానీ నా బతుకంతా ఆడవాళ్ల చేతుల మీదే గడిచింది. బెంగళూరు ఫ్యాక్టరీలో నన్ను బిగించింది కూడా ఒక అమ్మాయే. ఒక కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి బిగబట్టి, వెంట్రుకంత స్ప్రింగును నాలో అమర్చింది. తర్వాత నన్ను చెవి దగ్గర పెట్టుకుని విని, పక్కనున్న ఆమెతో పెళ్లి భోజనం గురించి ఏదో చెబుతూ ఇంకో వాచీ అందుకుంది. ఆమె నన్ను గుర్తుపెట్టుకుని ఉండదు. నేను మాత్రం ఆ చెవిని మర్చిపోలేదు.

నన్ను కొన్నది సుగుణరత్నం సిస్టరు. చీరాలలో ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సు. ఆ రోజుల్లో ఆడవాళ్ల వాచీలు సన్నగా, నగల్లాగా ఉండేవి. చాలావాటికి సెకన్ల ముల్లు ఉండేది కాదు. ఆడవాళ్లకు సెకన్లతో పనేముంటుందని అనుకున్నారేమో. సెకన్ల ముల్లు లేకపోతే నాడి చూడటం కుదరదు కాబట్టి ఆమె మగవాళ్ల వాచీ అడిగి తీసుకుంది. నా పట్టీకి మేకుతో అదనంగా రెండు బెజ్జాలు పొడిపించుకుంది.

ముప్పై ఒక్క ఏళ్లు ఆమె మణికట్టు మీద ఉన్నాను. ఆమెకు ఒక పట్టుదల ఉండేది. నాడి పూర్తి నిమిషం లెక్కపెట్టాల్సిందే. అర నిమిషం చూసి రెట్టింపు చేసి రాసే నర్సు పిల్లలను చీటీ చించి మళ్లీ పంపేది. "మిగిలిన అర నిమిషంలో ఆ మనిషి ఏం చేస్తున్నాడో నీకెట్లా తెలుసు?" అనేది. నేను అన్నేళ్లలో ఎందరి మణికట్ల పక్కన నిలబడ్డానో లెక్కలేదు. ఒకటి మాత్రం గమనించాను. పోయే ముందు ఉన్నవాళ్లే టైమెంతయిందని ఎక్కువసార్లు అడుగుతారు. ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు.

ఆ ఆస్పత్రిలో మార్తమ్మ అని వార్డు ఆయా ఉండేది. పక్కలు వేయడం, రోగుల బెడ్‌పాన్లు ఎత్తడం, నేల తుడవడం, శవాన్ని కడిగి బంధువులకు అప్పగించడం ఆమె పనులు. మార్తమ్మ కూతురు కెజియాకు గుంటూరు నర్సింగ్ స్కూల్లో సీటు వచ్చిందని తెలిసి, అప్పటికి రిటైరైపోయిన సిస్టరు ఆ తల్లీకూతుళ్లను ఇంటికి పిలిపించి నన్ను కెజియా చేతికి ఇచ్చింది. ఆ వారమే సిస్టరు నెల్లూరులో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది.

నిజానికి ఆ సీటు రావడం అది రెండోసారి. కిందటేడు కూడా గుంటూరులోనే వచ్చింది. చేరాల్సిన వారంలో తండ్రి యోబుకు పక్షవాతం వచ్చింది. కెజియా ట్రంకుపెట్టె సర్దుకున్నది మళ్లీ విప్పేసింది. "నాన్న లేచాక పోతాలే" అంది. యోబు లేవలేదు. సంక్రాంతి దాటాక పోయాడు. ఈసారి వచ్చిన కాగితంలో గురువారం సాయంత్రం అయిదు లోపల చేరకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి పోతుందని ఉంది. మార్తమ్మకు చదువు రాదు కానీ ఆ ఒక్క వాక్యం కూతురి చేత మూడుసార్లు చదివించుకుంది.

గురువారానికి పన్నెండు రోజులుంది. ఆ పన్నెండు రోజులూ ఆ ఒంటిగది ఇల్లు చిన్న నర్సింగ్ స్కూలైపోయింది. తెల్ల చుడీదార్లు రెండు కుట్టించారు. టీసీ, కుల ధ్రువపత్రం, ఆరో తరగతి నుంచి చదివిన స్కూలు కాగితాలు, పచ్చకామెర్ల టీకా వేయించుకున్న కార్డు ఒక ప్లాస్టిక్ కవరులో చేరాయి. సాయంత్రాలు మార్తమ్మ నులకమంచం మీద పాత దుప్పటి పరిచి పక్క వేయడం నేర్పేది. మూలను ఎత్తి, కవరు అంచులా మడిచి, పరుపు కిందికి తోయాలి. ఆ ఇంట్లో పరుపు లేదు. బొంత కిందికి తోసేది.

"అట్టా గాదే! ముడత ఉంటే ముసలోళ్లకి వీపు పుండు పడిద్ది. లాగు, ఇంకా లాగు. అన్నం తినలేదా నువ్వు?"

"లాగితే దుప్పటి చినిగిద్దమ్మా."

"చినిగితే చినిగిద్ది. నువ్వక్కడ సిస్టరువి. నన్ను పిలిచినట్టు నిన్నెవరూ 'ఏయ్' అనగూడదు."

అలా వంగి చూపించి లేచేటప్పుడు మార్తమ్మ మంచం కోడు పట్టుకుని కాసేపు ఆగేది. కెజియా చూస్తే "నడుము" అనేది.

పక్కల తర్వాత నా వంతు. కెజియా తల్లి చేయి తన ఒళ్లో పెట్టుకుని, మూడు వేళ్లు బొటనవేలి వైపు ఆనించి, నా ఎర్రముల్లు పన్నెండు దగ్గరికి వచ్చేదాకా ఆగేది. సిస్టరు చెప్పినట్టు పూర్తి నిమిషం. మొదటి రోజు తొంభై రెండు. మూడో రోజు తొంభై ఎనిమిది. అయిదో రోజు నూట ఎనిమిది వచ్చింది. అంతకంటే ముఖ్యంగా, మధ్యలో ఒక దెబ్బ తప్పి, వెంటనే రెండు గబగబా వచ్చాయి. నాకు తెలిసింది. కెజియాకూ తెలిసింది.

"అమ్మా, తప్పుతోంది."

"ఏంది తప్పేది?"

"నీ నాడి. ఆగి ఆగి కొడతాంది. రేపు డాక్టరుగారికి చూపిద్దాం."

మార్తమ్మ చేయి వెనక్కి లాక్కుంది. పంతొమ్మిదేళ్లు వార్డులో తిరిగిన మనిషి ఆమె. వారం రోజులుగా గోడకు దిండు పెట్టుకుని కూర్చునే నిద్రపోతోంది. వెల్లకిలా పడుకుంటే ఆయాసపడే మనుషులకు ఏ జబ్బని చెబుతారో ఎన్నిసార్లు విన్నదో. సాయంత్రానికి ఉబ్బే పాదాలను చీర కుచ్చిళ్ల కింద దాచుకోవడం కూడా ఆమెకు చేతనవును.

"తప్పేది నేను గాదే. ఆ వాచీ. ముసలిది గదా, దానికే ఆయాసం. పొద్దున నేను చూశా, ముల్లు టక్కున ఆగి మళ్లా దూకింది."

నేను ఆగలేదు. నా జన్మలో అలా ఎప్పుడూ ఆగలేదు.

"నాది చూసుకుంటే డెబ్బై ఎనిమిదే వచ్చింది గదమ్మా."

"అప్పుడు బాగా తిరిగిందేమో. చెప్తున్నా గదా, ఒకసారి తిరుగుద్ది, ఒకసారి ఆగుద్ది. ఇట్టాంటి వాచీ పట్టుకుపోతే అక్కడ నవ్వుతారు. నేను బాగుచేయిచ్చుకొస్తాలే."

కెజియా నన్ను చెవి దగ్గర పెట్టుకుని విన్నది. చాలాసేపు విన్నది. తర్వాత నన్ను తల్లి చేతిలో పెట్టింది. కిందటేడు ఒక మంచం పక్కనుంచి కదలలేక సీటు పోగొట్టుకున్న పిల్ల. వాచీదే తప్పయితే బాగుండునని ఆమెకు అనిపించి ఉంటుంది. నేను ఆమెను తప్పుపట్టను.

గడియార స్తంభం దగ్గర మస్తాన్ సాయిబు చిన్న అద్దాల పెట్టె పెట్టుకుని వాచీలు బాగుచేస్తాడు. మార్తమ్మ మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో వచ్చింది. వచ్చి, ఊపిరి అందేదాకా స్టూలు మీద కూర్చుంది. అతను నా మూత తీసి, చూసి, ఊది, ఒక చుక్క నూనె వేసి మూసేశాడు.

"దీనికి రోగమేం లేదక్కా. నీకంటే నాకంటే బాగుంది."

"బాగుందా?"

"నిక్షేపంగా ఉంది. కీ ఇచ్చుకుంటా ఉండు, ఇంకో ఇరవయ్యేళ్లు తిరుగుద్ది."

మార్తమ్మ నన్ను అరచేతిలో తిప్పి చూసింది. ఎవరైనా బాగుందని వింటే సంతోషిస్తారు. ఆమె ముఖం నా అద్దంలో ఎంత చిన్నగా కనపడాలో అంత చిన్నగా అయిపోయింది.

"సాయిబూ, మా అమ్మాయొచ్చి అడిగితే, ఇది ఇంక బాగవదని చెప్పు."

"అదేందక్కా! నా కాడికొచ్చిన వాచీ బాగవదని నేనే చెప్పుకుంటే నా పేరేం గావాలా?"

"అయితే అసలేం చెప్పబాక. వచ్చిన సంగతే మర్చిపో."

అతను తల గోక్కున్నాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

ఇంటికి పోయి కూతురితో "పోయిందంట. లోపల ఏదో అరిగిపోయిందంట, సామాన్లు దొరకవంట" అంది. నన్ను బొడ్లో దోపుకునే గుడ్డసంచిలో వేసింది. ఆ తర్వాత నాడి చూస్తానంటే వాచీ లేకుండా ఏం చూస్తావని నవ్వేది. కొత్తది కొనమంటే గుంటూరు బస్సెక్కేముందు కొంటానంది. బస్టాండు దగ్గర మంచివి ఉంటాయంది.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం కూతురితో పాటు డాక్టరు గదిలోకి వెళ్లినప్పుడు నేను ఆ సంచిలోనే ఉన్నాను. డాక్టరు కెజియా గుండె, ఊపిరి చూసి, కాగితం మీద రాస్తూ తలెత్తి, "నువ్వేంటి మార్తమ్మా అట్లా రొప్పుతున్నావు?" అన్నాడు. "మెట్లెక్కొచ్చా గదా సార్" అంది. "ఒకసారి వచ్చి కనపడు" అన్నాడు. "శుక్రవారం వస్తా సార్" అంది. శుక్రవారం అంటే కూతురు చేరిన మర్నాడు. అప్పుడైనా వెళ్లి ఉంటే నేను ఈ కథ వేరేగా చెప్పేదాన్ని. శుక్రవారం ఇద్దరు ఆయాలు సెలవు పెట్టారు. ఆమె రెండు వార్డులు తుడిచింది.

గురువారం పొద్దున బస్టాండులో ఫ్యాన్సీ షాపులో తెల్లపట్టీ వాచీ ఒకటి కొన్నారు. సెకన్ల ముల్లు ఉందో లేదో మార్తమ్మ రెండుసార్లు చూసింది. కెజియా అది పెట్టుకుని అక్కడికక్కడే తల్లి చేయి పట్టుకుంది.

"ఒక్క నిమిషం అమ్మా, దీంతో చూస్తా."

"ముందు బస్సెక్కవే! కిటికీ పక్కన చోటు పోయిద్ది. పెట్టె నేనందిస్తా, నువ్వెక్కు."

ట్రంకుపెట్టె ఎత్తినప్పుడు ఆమె లోపల ఏం జరిగిందో బొడ్లో ఉన్న నాకు తెలిసింది. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి చేయి ఊపింది. తర్వాత అరటిపళ్ల బండి పక్కన చప్టా మీద కూర్చుని, ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా లేవలేదు.

ఆ సాయంత్రమే నన్ను సంచిలోంచి తీసి కీ ఇచ్చి, తన చేతికి పెట్టుకుంది. జన్మలో ఆమె వాచీ పెట్టుకోవడం అదే మొదలు. తోటి ఆయాలు "మార్తమ్మ దొరసానైంది, ఇంక పాన్లు మనమే ఎత్తాల" అని ఆటపట్టించారు. వరండా చివరి మెట్టు మీద కూర్చుని తన నాడి తనే పట్టుకునేది. పెదాలు కదిలేవి. తొంభై దాటేసరికి ముల్లు ఇంకా చాలా దూరంలో ఉండేది. అక్కడితో చాలించి లేచి, బకెట్టు అందుకునేది. పూర్తి నిమిషం ఆమె ఒక్కసారీ చూడలేదు.

ఆదివారాలు ఫోను వచ్చేది.

"ఎట్టా ఉన్నావమ్మా?"

"నాకేందే, గుండ్రాయిలాగున్నా. అన్నం బాగుంటందా అక్కడ?"

"ఆయాసం?"

"ఆ వాచీతోనే పోయింది ఆయాసం కూడా."

ఫోను పట్టుకున్న చేతి మీదే నేనున్నాను. ఆమె చెవికి జానెడు దూరంలో టకటకమంటున్నాను. ఫోనులో ఆ చప్పుడు వినపడుతుందేమోనని ఆశపడ్డాను. ఆ పిల్లకు వినపడలేదు.

కెజియా బస్సెక్కిన పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం మగవాళ్ల వార్డులో ఒక పక్క వేస్తూ, మూల మడిచి పరుపు కిందికి తోసి, మార్తమ్మ అలాగే మంచం మీదికి ఒరిగిపోయింది. ముడత పడుతుందని కాబోలు, దుప్పటి మీద నుంచి చేయి తీయబోయింది. డ్యూటీలో ఉన్న చిన్న నర్సు పరుగెత్తుకొచ్చి ఆ మణికట్టే పట్టుకుంది. తన వాచీ చూడాల్సిన పని కూడా లేకపోయింది. నాడీ, నేనూ ఒకే చేతి మీద ఉన్నాం. నా ముల్లు నలభై సెకన్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె వేళ్ల కింద ఏమీ లేదు. నేను మిగిలిన ఇరవై సెకన్లూ తిరిగాను. అది తప్ప నాకు చేతనయింది లేదు.

కెజియాకు ఒక గుడ్డసంచి, నాలుగు గాజులు, నన్ను ఇచ్చారు. ఆమె నన్ను చూసి, ఇచ్చిన మనిషి ముఖం చూసింది.

"ఇది పోయిందన్నదే అమ్మ?"

"పోవడమేందమ్మా? రోజూ దీన్ని చూసుకునే గదా మీ అమ్మ డ్యూటీకొచ్చేది."

సమాధి చేసి వచ్చిన మర్నాడు కెజియా గోడకు ఆనుకుని కూర్చుంది. తల్లి ఆనుకుని నిద్రపోయిన గోడ అది. తెల్లపట్టీ వాచీని, నన్ను చాప మీద పక్కపక్కనే పెట్టి, రెండు ముళ్లూ కలిపి, చూస్తూ కూర్చుంది. వచ్చిపోయేవాళ్లు ఏడుస్తుంటే తలెత్తేది, మళ్లీ మామీదికే చూపు తిప్పేది. యోబు చెల్లెలు సంతోషమ్మకు ఒళ్లు మండింది.

"చూశారా? అమ్మ మన్ను ఆరలేదు, అప్పుడే టైము చూసుకుంటంది. హాస్టలు మీద బెంగ."

మర్నాడు అదే వేళకు కెజియా వంగి చూసింది. రెండు ఎర్రముళ్లూ దాదాపు ఒకే చోట ఉన్నాయి. రోజంతా తిరిగినా రెండు మూడు సెకన్లకు మించి విడిపోలేదు. అప్పుడు ఏడ్చింది. మేనత్త "ఇప్పుడొచ్చిందా ఏడుపు!" అంటూనే పక్కన కూర్చుని తల ఒళ్లోకి తీసుకుంది.

తెల్లపట్టీ వాచీని కెజియా ఆ ఇంట్లోనే మేకుకు తగిలించి వచ్చింది. నా పట్టీకి సిస్టరు పొడిపించిన బెజ్జం ఆమెకు సరిపోయింది.

ఇప్పుడు గుంటూరులో ఉన్నాను. కెజియాకు ఆడవాళ్ల వార్డులో డ్యూటీ వేశారు. రోజూ పొద్దున మంచం మంచానికీ తిరుగుతాం. తోటి పిల్లలు అర నిమిషం చూసి రెట్టింపు చేసి రాసి, టిఫినుకు వెళ్లిపోతారు. ఈమె వెళ్లేసరికి ఇడ్లీలు చల్లారిపోతాయి. నిన్న ఏడో నంబరు మంచం మీద ఒక పెద్దావిడ, పొలం పనులు చేసే మనిషి, ఆమె నాడి నూట పన్నెండు వచ్చింది. కెజియా ముఖం చూసి ఆవిడ నవ్వింది.

"నాకేం లేదు తల్లీ. పాత వాచీ గదా, అదే తప్పు చెప్పుంటది."

కెజియా ఆ చేయి వదల్లేదు.

"ఇది తప్పు చెప్పదు పెద్దమ్మా. ఇంకోసారి చూస్తా, కదలబాక."

నా ముల్లు పన్నెండు దగ్గరికి వచ్చేదాకా ఆగింది. మళ్లీ మొదలుపెట్టాం.