గోడ మొక్కు

మా అమ్మ కుడిచెయ్యి భుజం దాటి లేవదు. ముందే ఒప్పేసుకుంటున్నాను, అది నా నిర్వాకమే.

అమ్మ పేరు అప్పలనరసమ్మ. చోడవరంలో మాది చెరకు సాగు. పందొమ్మిదివందల యాభై ఆరులో, నేను కాకినాడ పాలిటెక్నిక్‌లో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదువుతుండగా, ఆవిడ భుజం బిగుసుకుపోయింది. తన ముడి తను వేసుకోలేకపోయింది. పొద్దున్నే దువ్వెన పట్టుకుని తోడికోడలు రాజ్యం గుమ్మంలో కూర్చోవాల్సి వచ్చేది. రాజ్యం పిన్ని దువ్వెనతో లాగేది తక్కువ, నోటితో లాగేది ఎక్కువ.

"ఏటక్కా, మళ్లీ వచ్చేసేవా? నాకు ఆడపిల్ల లేని లోటు తీర్సేస్తన్నావు."

అమ్మ అక్కడ నవ్వేది. ఇంటికొచ్చి ఏడ్చేది. "నా ముడి నేనేసుకుంటే సాలే సిన్నమ్మీ, ఇంకేటీ వద్దు" అంది నాతో.

సెలవుల్లో విశాఖ తీసుకెళ్లేను. డాక్టరు గోడకెదురుగా నిలబడి వేళ్లని మెల్లగా పైకి పాకించమన్నాడు. రోజుకి ఇరవైసార్లు, మించకూడదు. నొప్పి పుడితే ఆపాలి. ఒక రోజు మానేస్తే మానేసినట్టే, మర్నాడు మళ్లీ ఇరవయ్యే గాని కలిపి చెయ్యకూడదు. ఇదంతా నాకు చెప్పేడు, అమ్మకి కాదు.

నేను స్కేలు పెట్టి వంటింటి గోడమీద అంగుళానికో గీత గీసేను. అమ్మ రెండురోజులు చేసి మానేసింది.

"వొడ్లు దంచిన సెయ్యికి గోడ పాకడం ఏటే? బల్లినా నేను? ఎవులైనా సూస్తే నవ్వరా?"

కాకినాడ వెళ్లేముందు నాకో తెలివైన ఆలోచన వచ్చింది. "నూకాలమ్మకి నీ పేరున మొక్కేసేనమ్మా. రోజుకి ఇరవై. తప్పితే నీ ఇష్టం" అన్నాను. డాక్టరు చివర చెప్పిన మాట మింగేసేను. మానేసినా ఫరవాలేదంటే రోజూ మానేస్తుందని నా లెక్క.

పనిచేసింది. అమ్మ రోజూ స్నానం చేసి, దీపం వెలిగించి మరీ గోడ పాకేది. నాలుగు నెలల్లో వేళ్లు చెవి దాటేయి. "మీ అమ్మ సగం ముడి వేసుకుంటోంది, మిగతా సగం రాజ్యం" అని నాన్న కార్డు రాస్తే హాస్టలంతా తిప్పి చూపించేను.

అంతలో కె.కోటపాడులో మా దాయాది పరదేశి పోయేడు. పదిరోజుల మైల. మైలలో మొక్కు చెల్లించరు కదా, అమ్మ గోడ ముట్టలేదు. పదకొండోనాడు తలస్నానం చేసి, ఆగిన ప్రదక్షిణలు పూర్తిచేసినట్టు, ఆనాటివీ కలిపి మొత్తం రెండువందల ఇరవై ఒక్కపూటే చేసేసింది. నూరు దాటేసరికి చెయ్యి లేవలేదట. ఎడంచేత్తో పట్టుకుని ఎత్తిందట. నాన్న ఆపబోతే, "అమ్మోరి లెక్క, నువ్వు అడ్డురాకు" అందట.

కబురందుకుని వచ్చి మళ్లీ విశాఖ తీసుకెళ్లేను. భుజంలో కండ చిరిగిందన్నాడు డాక్టరు. "ఇన్నిసార్లు ఎవరు చెయ్యమన్నారు?"

"నాదే తప్పు బాబూ. మైల పూర్తిగా వదల్లేదేమో, అమ్మోరికి కోపం వచ్చింది" అంది అమ్మ.

తిరుగు బస్సులో నిజం చెప్పేసేను.

"మొక్కలేదా?"

"లేదు."

"కలిపి సెయ్యొద్దని డాకటరు సెప్పేడా?"

"చెప్పేడు."

"మరి నాకు సెప్పలేదేటే? నాకు అర్తం కాదనుకున్నావు. అంతేనా?"



వాపు తగ్గేక ఐదుసార్లతో మళ్లీ మొదలుపెట్టమన్నాడు డాక్టరు. ఈసారి ఆయన ప్రతి మాటా అమ్మకి విడమర్చి చెప్పేను. అమ్మ అంతా విని, "అమ్మోరు అడగనే లేదు. నీ మాట నేను నమ్మను. ఇంక ఎవులికోసం సెయ్యాలి?" అంది. రెండేళ్లయింది, గోడ దగ్గరకి పోలేదు. తల నేను దువ్వుతానన్నా ఒప్పుకోదు. పిన్ని గుమ్మంలోకే పోతుంది.

మీలో ఎవరైనా ఇలా మంచికోసమే అబద్ధమాడి, దొరికిపోయి, ఆ మనిషి చేత మళ్లీ మొదటి ఐదూ చేయించగలిగేరా? ఎలా చేయించేరో నాకు రాయండి. చేయించలేకపోయినా రాయండి.