ఆమెన్ అనని చెల్లెలు

బోరన్నకి ఒక పట్టు ఉంది. ప్రార్థన చేసి, చుట్టూ నిలబడ్డవాళ్లంతా ఆమెన్ అనేదాకా బోరు బండి స్టార్టు చేయడు. పరలోకపు తండ్రి భూమిలో దాచిన నీళ్లు ఆయన్ని అడిగే తీసుకోవాలంటాడు. అతని అసలు పేరు కన్నతల్లికే గుర్తులేదని జనం వెక్కిరిస్తారు.

ఆ రోజు చర్చి ఆవరణలో బోరు. గోడకి అవతల అతని చెల్లెలి మొక్కల నర్సరీ, అందులో వాళ్ల నాన్న తవ్వించి ఆమెకిచ్చిన పాత బావి. పక్కనే లోతుగా బోరు పడితే ఆ బావి గతి ఏమవుతుందో ఆ పనిలో తల పండినవాడికి తెలియదా? తెలుసు. తెలిసే కళ్లు మూసుకున్నాడు.

“తండ్రీ, నీ పిల్లల దాహం తీర్చు.”

పాస్టరుగారితో సహా అందరూ ఆమెన్ అన్నారు. చెల్లెలు మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది.

“నేననను.”

“దేవుడి పనికి అడ్డం పడకే,” అన్నాడు పళ్లు కొరుకుతూ.

“దేవుడికి కాదు, నీకు పడుతున్నా. ఆయన నీ ఒక్కడికే తండ్రా? నా మొక్కల్ని పుట్టించిందెవరు? ఆ బావిలో కప్పల్ని?”

“అయితే కప్పలకి బాప్తిస్మం ఇప్పించు. వాటినీ సంఘంలో చేర్చుకుంటాం.”

అందరూ పగలబడి నవ్వారు. పాస్టరుగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు గానీ భుజాలు ఆగలేదు. ఆ నవ్వుతో బోరన్నకి ఏనుగెక్కినంత సంబరమైంది. ఒకరి ఆమెన్ తక్కువైనా బండి స్టార్టు చేయడం అతని బతుకులో అదే మొదటిసారి. నీళ్లు ఎగజిమ్మాయి.

ఇక చర్చి మోటారు పొద్దస్తమానం నడిచింది. పచ్చికకి, మెట్లకి, సంఘ పెద్దల కార్లకి, అన్నిటికీ స్నానాలే. వారం తిరక్కుండా చెల్లెలి బావి అడుగంటింది.

కబురు విని బోరన్న వెళ్లాడు. నర్సరీ నిండా తలలు వేలాడేసిన మొక్కలు. వాటి మధ్య చెల్లెలు చేద పట్టుకుని నిలబడి ఉంది. అతనికి సిగ్గేసింది. సిగ్గేస్తే అతనికి కోపం వస్తుంది.

“ఇప్పుడేం కొంప మునిగిందనీ? చర్చి నుంచి పైపు వేయిస్తాలే.”

“నాన్న ఇచ్చింది లాక్కుని నాకే దానం చేస్తావా?” చేద అతని కాళ్ల ముందు బోర్లించింది. బురద తప్ప ఏమీ పడలేదు. “నీ పైపు నాకక్కర్లేదు. ప్రార్థన చెయ్యి అన్నయ్యా. నువ్వడిగితే ఆయన ఇస్తాడుగా. ఈసారి ఆమెన్ నేనంటాను, గట్టిగా.”

బోరన్న నోరు తెరిచాడు. బండి దగ్గర నిలబడ్డ ప్రతిసారీ అలవోకగా వచ్చే మాటే అది. తోడబుట్టినది ఎదురుగా నిలబడి చూస్తుంటే, “తండ్రీ” అని పిలవలేకపోయాడు.