ఎర్ర బత్తీకి ఆగని విమానం

సేఠ్‌కి తొందర. బొగ్గు కాంట్రాక్టు సంతకానికి పొద్దున్నే నాగ్‌పూర్‌లో ఉండాలట. బిలాస్‌పూర్ మీద జనవరి మంచు గోడలా నిలబడింది. రైళ్లే పాకుతున్నాయి. ఆయన సొంత విమానం మాత్రం ఎగరాలి!

ఊరి బయట విమానాలు దిగి ఎగిరే పట్టీకి చౌకీదారు అప్పలస్వామి. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా రిటైరై, మీట తిప్పితే ఎరుపు, పచ్చ చూపించే తన పాత చేతిలాంతరుతో సహా వచ్చి ఇక్కడ చేరాడు. పైలట్ అతన్ని పిలిచి, "ఆ చివర దీపం పట్టుకుని నిలబడు. దాన్ని చూసుకుంటూ పరిగెత్తిస్తాను" అన్నాడు. చౌకీదారు కాదనగలడా? వెళ్లాడు. వెనకే చాయ్ గ్లాసుతో భార్య అచ్చియమ్మ.

"ఏటయ్యా ఇది? నా సెయ్యి నాకే అగుపడ్డం నేదు, ఆడికేటి అగుపడతాది?"

"పచ్చ బత్తీ అగుపడతాదిలే. నువ్వు పక్కకి పో."

ఇంజను రొద మొదలైంది. సరిగ్గా అప్పుడే మంచులోంచి గేదెలు పట్టీ మీదికి నడిచొచ్చాయి. అప్పలస్వామి లాంతరు మీట తిప్పాడు. ఎరుపు. ఎర్ర బత్తీ చూపిస్తే ఎంత పెద్ద బండైనా ఆగుతుంది, రైల్వేలో బతుకంతా చూసింది అదే. అందుకే పక్కకి దూకలేదు. నిలబడి ఊపాడు.

విమానం ఆగలేదు. ఒక గేదెని గుద్ది పక్కకి తిరిగింది. రెక్క అప్పలస్వామిని గడ్డిలోకి విసిరికొట్టింది. విమానం ముక్కు కందకంలో కూరుకుపోయింది.

సేఠ్ నుదురు చిట్లింది. అంతే. పైలట్‌కి చెయ్యి బెణికింది. జీపు వచ్చి ఇద్దరినీ ఎక్కించుకుంది, సూట్‌కేసులతో సహా. అచ్చియమ్మ జీపు పట్టుకుని వేలాడింది.

"నా మొగుడు రగతం కక్కుతన్నాడు బాబూ, ఎక్కించండి!"

"జగా లేదు. రెండో ట్రిప్పుకి చూద్దాం" అన్నాడు జీపులో వచ్చిన సేఠ్ మేనేజరు.

"పెట్టెలకుంది గానీ మనిషికి నేదేటి?"

"హట్, ముసలీ! చలో డ్రైవర్!"

జీపు మంచులో దారి తడుముకుంటూ చుట్టు తిరిగి గేటుకి పోవాలి. అచ్చియమ్మ మొగుడి పక్కన ఇంకా వెలుగుతున్న లాంతరు లాక్కుని అడ్డంగా పరిగెత్తింది. గేటు మధ్యన నిలబడి పైకెత్తింది.

జీపు ఆమె మోకాళ్ల దాకా వచ్చి ఆగింది.

"పక్కనించి పోనీ!" మేనేజరు అరిచాడు.

డ్రైవరు సింహాచలం రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాడు. ఇంజను ఆపేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ఎర్ర బత్తీ ఉంది సాబ్."

"నౌకరీ ఊడుతుంది!"

సింహాచలం దిగి సూట్‌కేసులు ఒక్కొక్కటే మంచులోకి గిరాటేశాడు. సేఠ్ నుదుటికి రుమాలు అదుముకుని, కాళ్లు ముడుచుకుని చోటిచ్చాడు.

అప్పలస్వామిని ఎక్కించారు. ఊపిరి గురగురమంటోంది, ఆస్పత్రి దూరం, మంచులో ముందు రోడ్డే కనబడడం లేదు.

"అత్తా, నా నౌకరీ పోనాదే!" అన్నాడు సింహాచలం, తాళంచెవి తిప్పుతూ.

"పోనీరా!" అచ్చియమ్మ లాంతరు మీట పచ్చకి తిప్పి జీపులోంచి చెయ్యి బయటికి చాచింది. "తోలు!"