నలభై అయిదు తూటాల పెట్టెలు

రాయ్స్ తన వదిన ఓపల్‌ని మా తుపాకీల దుకాణానికి తీసుకొచ్చిన ఉదయం నేను పాత సరుకు పెట్టే అర తుడుస్తున్నాను. దుకాణం మా వెర్లిన్ మావయ్యది. మిస్సోరీ కొండల్లో, పశువుల దాణా కొట్టు పక్కన ఉంటుంది. బడి చదువు అయిన దగ్గర్నుంచి నేను అక్కడే పని చేస్తున్నాను.

రాయ్స్ లోపలికి వస్తూనే అద్దాల బల్ల మీద వేలు పెట్టాడు. "అదిగో, ఆ బుల్లి రివాల్వరు. అది తియ్యి వెర్లిన్. ఆడవాళ్ళకి అదే సరిపోతుంది."

"మీ వదిన నోరు ఇంట్లో మర్చిపోయి వచ్చిందా?" అన్నాడు మావయ్య.

"తెచ్చుకున్నాలే," అంది ఓపల్. "మూడో తరగతిలో నీ మీద టీచరుకి చాడీలు చెప్పిన నోరే ఇది."

ఓపల్‌కి అరవై మూడేళ్ళు. లేవలేని ముసలివాళ్ళ ఇళ్ళకి కారులో వెళ్ళి స్నానాలు చేయించడం ఆమె పని. మూడు వారాల కిందట టర్నర్ లోయలో, పట్టపగలు, ఎవడో కంకర రోడ్డుకి అడ్డంగా బండి పెట్టి ఆమె కారు అద్దం మీద పిడికిలితో బాదాడు. తలుపు లాగి చూశాడు. వెనక నుంచి పాల ట్యాంకరు రావడంతో వెళ్ళిపోయాడు. వాడెవడో ఇంతవరకూ తెలియలేదు. ఆ రోజు నుంచి ఓపల్ ఆ లోయలోకి వెళ్ళలేదు. అక్కడ నాలుగు ఇళ్ళున్నాయి. సోమవారం లోపల ఏదో ఒకటి తేల్చమనీ, లేకపోతే ఆ ఇళ్ళు వేరే అమ్మాయికి ఇస్తామనీ ఆఫీసు వాళ్ళు చెప్పారు.

"ఆ అమ్మాయిని లోయలో ఉండే ఏమోస్ గుమ్మంలోకి కూడా రానివ్వడు," అంది ఓపల్. "తొంభై ఒక్కేళ్ళు, ఒళ్ళంతా మొండితనం. ఈ మూడు వారాలూ ఒంటి మీద నీళ్ళు పడి ఉండవు."

"అందుకేగా తీసుకొచ్చాను," అన్నాడు రాయ్స్. "సంచీలో పడేసుకుంటే ఉన్నట్టే తెలీదు. ఈకంత బరువు."

నేను రివాల్వరు చక్రం తెరిచి, ఖాళీగా ఉందని చూపించి ఆమె చేతికిచ్చాను. అప్పుడే ఆమె చేతులు గమనించాను. మణికట్లు మగవాళ్ళవిలా గట్టిగా ఉన్నాయి. బొటనవేళ్ళ మొదళ్ళు మాత్రం వాచి, అల్లం కొమ్ముల్లా ఉన్నాయి.

దుకాణం వెనక మట్టిగట్టు ఉంది. అక్కడ కాగితం పళ్ళేలు గుచ్చి, కొనేముందు కాల్చి చూడమంటాడు మావయ్య. ఓపల్ చప్పుడు ఆపే కప్పులు చెవులకి పెట్టుకుని నిలబడింది. అందరూ పళ్ళెం వైపు చూస్తారు. నేను ముఖం వైపు చూస్తాను. మొదటి దెబ్బకి ఆమె చెయ్యి భుజం దాకా ఎగిరింది. రెండోసారి వేలు కదలకముందే కళ్ళు మూసుకుపోయాయి. అయిదు తూటాలూ అయ్యేసరికి పళ్ళెం అంచున ఒకే ఒక్క చిల్లు పడింది. తుపాకీ బల్ల మీద పెట్టి, బొటనవేలిని రెండో అరచేతిలో దాచుకుంది.

"బాగుంది," అంది.

"చెప్పలా!" అన్నాడు రాయ్స్, పర్సు తీస్తూ.

మా వైపు 'బాగుంది' అన్న మాటకి పెద్ద విలువ లేదు. పొరుగింటావిడ మాడ్చి తెచ్చిన వంటకమూ బాగుంటుంది, గంటన్నర సాగిన ప్రసంగమూ బాగుంటుంది. పొలం పని మానుకుని ముప్ఫై మైళ్ళు బండి నడిపి తీసుకొచ్చిన మరిదికి ఇంకో మాట ఎలా చెబుతారు?

నేను పాత సరుకు అర దగ్గరికి వెళ్ళి, తూటాల పెట్టెలు మూడు తెచ్చి ఆమె ముందు పెట్టాను. "ఓపల్ గారూ, ఇవి ఒకసారి లెక్కపెట్టండి."

"ఎందుకమ్మాయ్?"

"ఊరికే."

ఆమె ఒక పెట్టె తెరిచింది. యాభై పట్టే పెట్టెలో నలభై అయిదు ఉన్నాయి. రెండోదాంట్లోనూ నలభై అయిదే. మూడోది తెరవలేదు.

"ఇలాంటి బుల్లి రివాల్వర్లు ఏటా నాలుగైదు వెనక్కి వస్తాయండీ," అన్నాను. "కొత్తవాటిలా ఉంటాయి. మిగిలిన తూటాలు కూడా ఇచ్చేసి వెళ్తారు. అయిదు కాల్చి ఉంటారు, అంతే. వాళ్ళు కూడా మొదటిరోజు బాగుందనే అన్నారు."

రాయ్స్ నా వైపు చూశాడు. "వెర్లిన్, మీ మేనకోడలు అమ్మడానికి కూర్చుందా, చెడగొట్టడానికి కూర్చుందా?"

"నాకూ అదే అనుమానం," అన్నాడు మావయ్య. కానీ నన్ను ఆపలేదు.

ఓపల్ పెట్టె మూత మెల్లిగా మూసింది. "బాగాలేదు రాయ్స్," అంది. "గాడిద తన్నినట్టుంది."

"చిన్నది కదా వదినా!"

"చిన్నది కాబట్టే," అన్నాడు మావయ్య. "బరువున్న తుపాకీ దెబ్బని తను కొంత మింగుతుంది. ఈకలాంటిది మొత్తం నీ చేతికే ఇస్తుంది."

నాకు అసలు తెలుసుకోవాలని ఉన్నది వేరే. "పనిలో ఉన్నప్పుడు దీన్ని ఎక్కడ పెట్టుకుంటారు?" అని అడిగాను.

ఆమె తన నీలం యూనిఫారం వైపు చూసుకుంది. లాగుకి బెల్టు లేదు, బొందు ఉంది. "నడుముకి కుదరదు. లేపేటప్పుడు వాళ్ళు నా నడుమే పట్టుకుంటారు. సంచీ అంటావా, ఏమోస్ నా సంచీలో బిస్కెట్లు వెతుకుతాడు." తల అడ్డంగా ఊపింది. "అసలు ఇళ్ళలోకి తేకూడదని ఆఫీసు కాగితంలోనే ఉంది. గుమ్మం దాటకూడదు."

"అయితే ఉండేది కారులోనే."

"కారులోనే."

"తాళం వేసే పెట్టెలో, సీటు కింద బిగించి. అప్పుడు చిన్నదే ఎందుకండీ?"

రాయ్స్ టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

మావయ్య లోపల్నుంచి అరచేతికి నిండుగా వచ్చే పిస్తోలు ఒకటి తెచ్చాడు. తూటా చిన్నది, స్ప్రింగు మెత్తనిది. దాని పైభాగం వెనక్కి లాగితేనే తూటా గొట్టంలోకి వెళ్తుంది. ఖాళీది ఇచ్చి లాగమన్నాడు. ఓపల్ బొటనవేలితో పట్టి లాగింది. సగం కూడా రాలేదు. ముఖం ఎర్రబడింది.

"అదీ సంగతి," అన్నాడు రాయ్స్. "అందుకే రివాల్వరు అన్నాను."

"ఏమోస్‌ని కుర్చీలోంచి ఎలా లేపుతారు?" అన్నాను. తొంభై ఒక్కేళ్ళ మనిషిని ఆ వేళ్ళతో లేపడం ఎలా సాధ్యమో నాకు పొద్దుట్నుంచీ అర్థం కావడం లేదు.

"వేళ్ళతో లాగితే నడుం విరుగుతుంది పిల్లా. దగ్గరగా హత్తుకుని, మోచేతులు ఒంటికి ఆనించి, ఒళ్ళంతా ముందుకి..." అంటూనే ఆమె చేతిలో పిస్తోలు వైపు చూసింది. దాన్ని ఛాతీ దగ్గరికి తెచ్చుకుంది. ఎడమ అరచేత్తో పైభాగాన్ని కదలకుండా పట్టి, కుడిచేత్తో పిడిని ముందుకి తోసింది. చప్పుడు చేస్తూ మొత్తం తెరుచుకుంది.

"ఓరి నాయనో," అన్నాడు మావయ్య. "మనుషులకి ఇది నేర్పడానికి నాకు వారం పడుతుంది."

మళ్ళీ గట్టు దగ్గరికి వెళ్ళాం. పది కాల్చింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పళ్ళెంలో ఆరు చిల్లులు. ఆమె పళ్ళెం పీకి తెచ్చి, చిల్లుల్లోంచి వెలుతురు చూసింది. నవ్వలేదు.

"ఆ రోజు ఇది ఉండి ఉంటే నేనేం చేసేదాన్నో తెలీదు వెర్లిన్. వాడి ముఖం ఇంత దగ్గరగా ఉంది. కుర్రాడే."

"నాకూ తెలీదు," అన్నాడు మావయ్య. "ఈ పిస్తోలు ఆఖరి మాట. మొదటి మాట నీ కారు. ఇంటి ముందు ఆపేటప్పుడే ముక్కు రోడ్డు వైపు తిప్పి పెట్టు. వెళ్ళిపోయే దారి ఉన్నంతసేపూ పెట్టె తెరవకు."

"ఊఁ," అంది ఆమె.

కొనుగోలు కాగితం మావయ్య ఓపల్ ముందుకి జరిపాడు. ఆమె ఒక్కో ప్రశ్నా చదివి నింపింది. ప్రభుత్వం నుంచి అనుమతి రావడానికి కాసేపు పడుతుందన్నాం. ఆమె బల్ల మీది ఫోన్ అందుకుంది.

"ఏమోస్? ఓపల్‌ని. ఓ-ప-ల్! సోమవారం వస్తున్నా... పదింటికి. నీళ్ళు కాగబెట్టమని మీ కోడలికి చెప్పు... ఏంటీ? మూడు వారాల్లో ఒక్కసారి కూడానా? ఛీ, ఛీ, ఏమోస్!"

ఫోన్ పెట్టేసి, చెవుల కప్పులు మళ్ళీ చేతిలోకి తీసుకుని, మావయ్య వైపు చెయ్యి చాపింది. "ఇంకో పది తూటాలియ్యి."

రాయ్స్ కూడా లేచాడు.

"నువ్వు కూర్చో," అంది ఓపల్, వెనక తలుపు తీస్తూ.